ఇప్పచెట్టు కింద పాదాలు

“నన్ను కొట్టినా గదే చెప్త, కొట్టకున్నా గదే చెప్త మేడం. నేను రామన్న తాత చెట్టు కాడికి పోలే.”

లాకప్ ఊచల అవతల గోడకానుకుని కూర్చున్న పవన్ అదే మాట మళ్ళీ అన్నాడు. నజియా తొందరపడలేదు. ఖమ్మంలో నాన్న ఆజం నడిపే చెప్పుల దుకాణంలో పెరిగిన మనిషి ఆమె. మొహంతో అబద్ధమాడేవాళ్ళు కోకొల్లలు గానీ, కాళ్ళతో అబద్ధమాడడం అంత సులువు కాదని అక్కడే నేర్చుకుంది. ఆ దుకాణం మేడ మీదే ఇప్పుడు ఆమె డిటెక్టివ్ ఆఫీసు. అందుకే వచ్చీ రాగానే పవన్ కాళ్ళు చూసింది. పగిలిన మడమలు, విచ్చుకున్న వేళ్ళు. పుట్టిన్నాటి నుంచి బూటు ముఖం చూడని కాళ్ళు.

జరిగింది ఇది. నిన్న తెల్లవారుతుండగా, భద్రాచలం దాటి అడవి అంచునున్న పాలగుంపు గూడెంలో, ఊరిపెద్ద రామన్న తన ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకుంటుంటే ఎవరో దగ్గర నుంచి కాల్చి చంపారు. గంట తిరక్కముందే, ఊళ్ళకు తుపాకులతో కావలి కాస్తామని తిరిగే ‘గోదారి రక్షక దళం’ పెద్ద రవికుమార్, పవన్‌ను రెక్కలు విరిచి కట్టి తెచ్చి స్టేషన్‌లో పడేశాడు. వీడు రాష్ట్ర సరిహద్దు అవతలి సాయుధుల మనిషని, వాళ్ళిచ్చిన తుపాకితోనే పేల్చాడని ఫిర్యాదు రాసిచ్చాడు. ఆ కేసు పడితే బెయిలు సంగతి ఏళ్ళ తరబడి మరిచిపోవాల్సిందే. ఈ మధ్యాహ్నమే కోర్టుకు పంపుతున్నారు. పవన్ తల్లి ఆదెమ్మ నిన్న బస్సు పట్టుకుని ఖమ్మం వచ్చి, నజియా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ‘నా కొడుకును ఇడిపిచ్చేదాక లేవ’ అంది. లేవలేదు కూడా.

“ఊళ్ళె ఇంతమంది ఉండంగ రవికుమార్ నీ పేరే ఎందుకు చెప్పిండు?” అడిగింది నజియా.

“దళంలకు రమ్మన్నడు. రానన్న.”

“ఎందుకు?”

“క్వారీకి కావలి కాయనీకి నేనెందుకు మేడం? గా గుట్ట తవ్వితే మా ఊరు పోతది. తాత గదే చెప్పిండు. ఈ రవికుమార్ కావలి కాస్తనని వచ్చిండు.”

“మరి మీ తమ్ముడు పోయిండు కదా?”

పవన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. “చైతన్య రెండుసార్లు కానిస్టేబుల్ సెలక్షన్‌కు పోయిండు. పరుగుల ఫస్టొచ్చిండు, పరీక్షల పోయిండు. పోడు చేసుకుందమంటే ఫారెస్టు బీట్ ఆఫీసర్ ఎల్లగొట్టిండు. ఇంట్ల పిచ్చోని లెక్క కూసున్నడు. అప్పుడు వీళ్ళు పిలిచి బట్టలిచ్చిండ్రు, బూట్లిచ్చిండ్రు, చేతిల తుపాకి పెట్టిండ్రు. బూట్లేసుకొని ఊళ్ళెకు వచ్చిన రోజు, ఎల్లగొట్టిన గా ఆఫీసరే ‘ఏం చైతన్యా, బాగున్నవా’ అని కుర్చీ ఏసిండు. గా కుర్చీ కోసమే పోయిండు మేడం వాడు. జీతం కోసం కాదు.”

నజియా బయటికి వచ్చేసరికి సీఐ పద్మప్రియ టోపీ సర్దుకుంటోంది. మనిషి మంచిదే గానీ, ఆమెకు పైనుంచి ఫోన్లు ఎక్కువ, కిందినుంచి మనుషులు తక్కువ.

“అయిందా మీ విచారణ?” అంది సీఐ. “చెట్టు కింద కనబడ్డవి ఉత్త కాళ్ళ జాడలు. దళం వాళ్ళంతా బూట్లతో తిరుగుతారు. కాల్చింది ఊరివాడే. ఊళ్ళో రామన్నతో పోడు గట్టు కోసం గొడవపడ్డది పవన్ ఒక్కడే. ఇంకేం కావాలి?”

“ఒక్కసారి ఆ చెట్టు చూస్త. మీరు కూడ రండి మేడం, మళ్ళ నేను కథలు చెప్పిన్నని అనొద్దు.”

“నా బండి షెడ్డులో ఉంది.”

“మరి పవన్‌ను కోర్టుకెట్ల తీస్కపోతరు?”

“రవికుమార్ దళం జీపు ఇస్తానన్నాడు. మా కానిస్టేబుల్ ఒకతను తోడుంటాడు.”

“మాషా అల్లా! ఖైదీ మీ వాడు, బండి వాళ్ళది. ఇంక తాళం కూడ వాళ్ళకే ఇచ్చేయండి.”

సీఐ ముఖం ఎర్రబడింది గానీ, ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని నజియా కారే ఎక్కింది. నజియా మేనమామ రెహమాన్ స్టీరింగ్ ముందు, ఆయన పక్కన ఆదెమ్మ. వాగు దాటగానే అందరి ఫోన్లూ మూగబోయాయి.

చెట్టు చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. చనిపోయినవాడి చెట్టు పువ్వును కర్మ అయ్యేదాకా ఎవరూ ముట్టరట. శవాన్ని తీయగానే రామన్న భార్య జంపక్కే ఆ కంప వేసింది. పోలీసుల పసుపు రిబ్బను ఒక్క పూటలో తెగిపోయింది గానీ, జంపక్క కంపను మేకపిల్ల కూడా దాటలేదు. కంప బయట ఇద్దరు దళం కుర్రాళ్ళు తుపాకులతో కాపలా ఉన్నారు. ఒకడు పొడుగ్గా, కొత్తవాడిలా ఉన్నాడు. రెండోవాణ్ణి చూడగానే ఆదెమ్మ ఆగిపోయింది.

“మా చిన్నోడు. చైతన్య,” అంది మెల్లగా.

కొడుకు తల్లి వైపు చూడలేదు. డ్యూటీలో ఇంటివాళ్ళతో మాట్లాడకూడదన్నది దళం రూలట. ఇరవై ఏళ్ళు దాటాయో లేదో, కళ్ళ కింద నిద్రలేని నలుపు.

నజియా కంప తొలగించి చెట్టు కిందికి అడుగు వేయబోయింది. ఆదెమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది.

“బిడ్డా, చెప్పులు!”

“ఏమైంది?”

“తినే పువ్వు రాలే జాగ బిడ్డా. చెప్పులతోటి తొక్కద్దు. మా పిల్లలకు నడకతోపాటే నేర్పుతం గిది.” ఆదెమ్మ అప్పటికే తన రబ్బరు చెప్పులు చెట్టు కింది బూడిద అంచున జతగా విడిచింది.

నజియా నవ్వుతూనే బూట్లు విప్పింది. నాలుగడుగులు వేశాక ఆ నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆదెమ్మ చెప్పులను చూసింది. తన బూట్లను చూసింది. నేల మీద మోకాళ్ళూనింది.

పువ్వు తేలిగ్గా ఏరుకోవడానికి సీజను మొదట్లో చెట్టు కింది ఆకులను కాలుస్తారు. రామన్న కూడా కాల్చాడు. మెత్తటి బూడిద గుండ్రంగా పరుచుకుని ఉంది. తెల్లవారి రాలిన కొత్త పువ్వులను చేత్తో పక్కకు జరిపితే నిన్నటి జాడలన్నీ చెక్కు చెదరకుండా కనబడ్డాయి. మొదలు చుట్టూ పువ్వు ఏరుతూ తిరిగిన రామన్న అడుగులు. తూర్పు నుంచి పోలీసులు స్ట్రెచర్‌తో అడ్డదిడ్డంగా వచ్చి పోయిన గుర్తులు. పడమర నుంచి ఒకే ఒక్క జత బూట్లు బూడిద అంచు దాకా వచ్చి ఆగాయి. అక్కడి నుంచి లోపలికి ఉత్త కాళ్ళు. తిన్నగా మొదలు దాకా వెళ్ళి, మళ్ళీ అదే అంచుకు తిరిగొచ్చాయి. అక్కణ్ణించి వెనక్కి పోయినవి మళ్ళీ బూట్లే.

“మేడం, ఇటు రండి. బూట్లతోనే రండి, ఫరవాలేదు, మీరు చేయాల్సిన పాపం నిన్ననే చేసిండ్రు.”

సీఐ వచ్చి వంగి చూసింది. “ఇవి మేం చూసినవే. శబ్దం విని దళం వాడొకడు వచ్చి అంచున నిలబడ్డాడు. ఉత్త కాళ్ళు పవన్‌వి.”

“బూట్లు వచ్చిన జాడ ఉన్నది. మరి ఉత్త కాళ్ళు వచ్చిన జాడ ఏది? ఈ దుమ్ముల ఉడుత నడిచినా తెలుస్తుంది. పవన్ ఈడికీడనే మొలిచిండా?”

సీఐ బూడిద అంచు వెంట వంగి వెతికింది.

“ఇంకోటి చూడండి. బూట్ల పక్కన ఈ గుండ్రటి గుంట మోకాలిది. దాని పక్కన ఈ పలక గుర్తు తుపాకి మడమది. తుపాకి ఆనించి, మోకాలు మీద కూసొని వాడేం చేసిండు?”

జవాబు చెప్పే లోపే కంప అవతల జీపు ఆగింది. ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు, నడుముకు పిస్తోలు, చేతిలో పెద్ద వాకీటాకీ. రవికుమార్ది ఆంధ్రా సరిహద్దున ఎర్రుపాలెం వైపు. మాటలో ఇంకా ఆ మెత్తదనం ఉంది.

“ఏంటి మేడం, పువ్వులు ఏరుకుంటున్నారా? ఊరికి ధైర్యం చెప్పాల్సిన టైంలో ఈ డిటెక్టివ్ ఆటలేంటండీ?” అంటూ బూట్లతో పువ్వు మీదుగా నడిచొచ్చాడు. కాలి కింద పువ్వులు చితికిపోయాయి. కంప బయట చైతన్య భుజాలు ఒక్కసారి ముడుచుకోవడం నజియా కంటపడింది.

“మీ గురించే అనుకుంటున్నం రవికుమార్ గారూ. ఇంత సైన్యం మీకెందుకా అని.”

“సైన్యం అనకండి. ఈ ఊరి నుంచి స్టేషన్ ఎంత దూరమో ఇప్పుడే చూశారుగా? రాత్రి ఎవడైనా తలుపు తడితే వీళ్ళు ఎవరికి చెప్పుకోవాలి? ఒకప్పుడు దొరలు మనుషుల్ని పెట్టుకున్నారు. దొరల మీద కోపంతో అడవిలో దళాలు వచ్చాయి. దళాల మీదికి ఊళ్ళల్లో కుర్రాళ్ళకు తుపాకులిచ్చారు. నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను, అంతే.”

వాదన బాగుంది. అందులో నిజం కూడా ఉంది, అదే అసలు చిక్కు. సర్కారు రాని చోటికి ఎవడో ఒకడు వస్తాడు. వచ్చినవాడు ఊరికే రాడు.

“కుర్చీ ఖాళీగనే ఉన్నది, ఒప్పుకుంట,” అంది నజియా. “దానికి కిరాయి ఎవలు కడుతున్నరు? క్వారీ కంపెనీయా, మీకు టికెట్ ఇస్తనన్న పార్టీయా?”

“మాటలు జాగ్రత్త.”

“రేపు గ్రామసభల క్వారీ వద్దని తీర్మానం పెట్టేటోడు రామన్న. ఇయ్యాల ఆయన లేడు.”

“ఆయన్ని చంపితే ఊరు నా మీద తిరగబడుతుంది. నాకేంటి లాభం?”

“ఊరు తిరగబడలే, భయపడ్డది. భయపడ్డ ఊరు మిమ్మల్నే పిలుస్తది. చుట్టుపక్కల గూడేలన్నిట్ల దళం పెట్టనీకి నిన్న సాయంత్రమే మీరు అర్జీ పెట్టిండ్రట కదా?”

రవికుమార్ సీఐ వైపు తిరిగాడు. “ఈవిడ్ని ఇక్కణ్ణించి పంపిస్తారా, నేను పైకి ఫోన్ చెయ్యనా?”

“ఫోన్ రాదు, నేను కూడ చూసుకున్న,” అంది నజియా. “ఒక్క సందేహం తీర్చండి, పోత. మీ పిల్లలు డ్యూటీల బూట్లు విప్పుతరా?”

“చచ్చినా విప్పరు. అది నా మొదటి రూలు. అక్కడే తేలిపోయింది మీ కేసు. ఇవి ఉత్త కాళ్ళు, నా వాళ్ళవి కాదు.”

“విన్నరు కదా మేడం?” అని సీఐతో అని, నజియా ఆదెమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. “అమ్మా, జర కారు కాడికి పోయి నీళ్ళు తెస్తవా?”

ఆదెమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. కొడుకుల్ని కన్న మనిషి, ఆ చూపుకు ఏం అందిందో. “నీళ్ళు తర్వాత తాగుదువులే బిడ్డా,” అంది. కదల్లేదు.

ఒక కొడుకును విడిపించమని మెట్ల మీద కూర్చున్న తల్లి ఆమె. విడిపించే దారి ఎటు నుంచి పోతోందో నజియాకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. కానీ లాకప్‌లో కూర్చున్నవాడు ఏ తప్పూ చేయలేదు. నజియా బ్యాగులోంచి కొలత టేపు తీసి, చెట్టు మొదలు దగ్గర నిలబడి, పొడుగువాణ్ణి పిలిచింది.

“తమ్ముడూ, ఈ కొస పట్టుకో.”

వాడు తుపాకి భుజానికి తగిలించుకుని, టకటకా పువ్వులు తొక్కుకుంటూ వచ్చాడు. కొస పట్టుకుని నిలబడ్డాడు.

“ఏ ఊరు మీది?”

“ముదిగొండ, మేడం. ఖమ్మం కాడ.”

“శుక్రియా. చైతన్యా, నువ్వు కూడ రా, ఇటు కొస నువ్వు పట్టుకోవాలె.”

చైతన్య కంప దాటి వచ్చాడు. బూడిద అంచున ఆగాడు. ఆలోచించలేదు, దిక్కులు చూడలేదు. తుపాకి మడమను నేలకు ఆనించి, మోకాలు మీద కూర్చుని, బూటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

ఒక బూటు వచ్చింది. రెండోది సగం విప్పి ఉండగా, చుట్టూ మాటలు ఆగిపోయాయని వాడికి తెలిసింది. తలెత్తాడు. సీఐ వాడి మోకాలి కిందికి చూస్తోంది. వాడు కూర్చున్న చోటికి మూరెడు పక్కన, నిన్నటి మోకాలి గుంట, నిన్నటి తుపాకి మడమ గుర్తు, అచ్చం అలాగే ఉన్నాయి.

“మీ దళంల ఈ ఊరోళ్ళు ఎంతమంది? వీడొక్కడే కదా?” నజియా రవికుమార్‌ను అడిగింది.

ఆయన చెయ్యి నడుముకున్న పిస్తోలు వైపు జరిగింది. బూట్లిచ్చి, బట్టలిచ్చి, తుపాకి పట్టుకోవడం నేర్పిన మనిషి, తల్లి నేర్పింది ఒకటి ఆ కుర్రాడిలో మిగిలి ఉంటుందని అనుకోలేదు.

“చైతన్యా!” ఆదెమ్మ అరిచింది. “తాతనారా? నిన్ను భుజాన మోసిన తాతనారా?”

“బెదిరియ్యుమన్నరమ్మా! ఉత్తగ బెదిరియ్యుమన్నరు!” కుర్రాడు అలాగే మోకాలు మీద ఏడ్చాడు. “తాత నా కాళ్ళు చూసి నవ్విండు. బూట్లిప్పి వచ్చినవ్, ఇంక మా పోరడివేరా, కూసో అన్నడు. కూసుందమనే అనుకున్న. అప్పుడు నా కాడున్న వాకీటాకీ సెట్ల సారు గొంతొచ్చింది, కాల్చు అని. మళ్ళ మళ్ళ వచ్చింది. నాకు చేతులు…”

“హంతకుడు! తుపాకి వాడి చేతిలో ఉంది, తప్పుకోండి!” రవికుమార్ పిస్తోలు బయటికొచ్చింది.

నజియాకు దూరం ఎక్కువ. సీఐ చెయ్యి ఇంకా తన నడుము దగ్గరే ఉంది. ఆదెమ్మ పరుగెత్తింది. జీవితమంతా పక్కకు తప్పుకుని నడిచిన పువ్వుల మీదినుంచే, వాటిని చిదుముకుంటూ పరుగెత్తి, కొడుక్కూ పిస్తోలుకూ మధ్య నిలబడింది.

“కాల్చు. నన్ను కాల్చినంక వాణ్ణి కాల్చు.”

ఆ ఒక్క క్షణం చాలింది. సీఐ తుపాకి రవికుమార్ కణతకు ఆనింది. కానిస్టేబుల్ వాడి మణికట్టు విరిచి పిస్తోలు లాక్కున్నాడు. ముదిగొండ కుర్రాడు తన తుపాకిని జాగ్రత్తగా నేలమీద పెట్టి రెండు చేతులూ ఎత్తేశాడు. “నేను కిరాయికి వచ్చినోన్ని మేడం. నాకేం తెల్వదు.”

“నజియా గారూ,” సీఐ ఊపిరి పీల్చుకుంది, “పవన్‌ను ఇవాళే వదిలేస్తాను. నా మాట.”

రవికుమార్ నవ్వాడు. పట్టుబడ్డవాడు నవ్వాల్సిన నవ్వు కాదది.

చైతన్య ఉలిక్కిపడి లేచాడు. “మేడం, టైమెంతయింది? అన్నను తోల్కపోయేది మా ఇంకో జీపే! గుట్ట మలుపు కాడ దింపి, పారిపోబోయిండని కాల్చాలని పొద్దుగాల సారు చెప్పిండు. కానిస్టేబుల్‌ను గూడ ఇడ్వరు.”

కిందపడ్డ వాకీటాకీ సరిగ్గా అప్పుడే గరగరలాడింది. “సార్, ఎక్కించుకున్నాం. బయలుదేరాం. ఓవర్.”

“ఆపమని చెప్పు!” సీఐ అరిచింది. రోడ్డు దాకా అందేది ఆ పెద్ద సెట్టు ఒక్కటే. నజియా చెయ్యి చాచింది. అంతకన్నా ముందు రవికుమార్ బూటు మడమ దాని మీద పడింది. ప్లాస్టిక్ పటపటమంది. గరగర ఆగిపోయింది.

“ఇప్పుడు చెప్పుకోండి,” అన్నాడు.

నజియా అతనికి జవాబు చెప్పి టైం పాడుచేసుకోలేదు. “మామూ, బండి తియ్!”

“గుట్ట ఎనకనుంచి పశువుల బాట ఉన్నది. వాళ్ళ కన్న ముందల పడొచ్చు. నేను చూపిస్త,” అన్నాడు చైతన్య. సీఐ ఒక్క క్షణం వాడి మొహం చూసి, తుపాకి లాక్కుని, కారులోకి తోసి, తానూ ఎక్కింది. కానిస్టేబుల్ అప్పటికే రవికుమార్ చేతులకు బేడీలు వేసి జీపు కమ్మికి బిగిస్తున్నాడు.

ఆదెమ్మ రెహమాన్ పక్కన కూర్చుని తలుపు వేసింది. కారు వెనక్కి తిరిగినప్పుడు నజియా అద్దంలో చూసింది. బూడిద అంచున ఒక జత రబ్బరు చెప్పులు, వాటి పక్కనే తాళ్ళు విప్పిన బూటు ఒకటి ఉండిపోయాయి. రెండోది ఇంకా చైతన్య కాలికి వేలాడుతోంది.

ఆదెమ్మ వెనక్కి తిరగలేదు. చిన్న కొడుకు వైపు చెయ్యి మాత్రం చాచి, వాడి మోకాలు గట్టిగా పట్టుకుంది.

“ఒగ కొడుకును నా నోటితోనే పట్టిచ్చిన బిడ్డా,” అంది. “ఇంకొగన్ని బతికిచ్చియ్యి. జల్దీ పోనీయండి.”